తోడికోడళ్ళ కొకోని

ఆ రోజుల్లో గలాక్సీది రేవూళ్ళో, కొకోని అనే చిట్టికుక్క లేని ఇల్లు లేదు. మూరెడు పొడుగు, జానెడు ఎత్తు, నక్కపిల్ల మూతి, వీపు మీదికి ఒంపు తిరిగిన కుచ్చుతోక. మగవాళ్ళు ఓడలెక్కిపోతే ఆడవాళ్ళ కాళ్ళకు అడ్డం తిరుగుతూ, ఎవరు కళ్ళు తుడుచుకుంటే వాళ్ళ ఒళ్ళోకెక్కే ప్రాణం అదే. ఈమధ్య ఏథెన్సు నుంచి వచ్చిన పెద్దమనిషి ఒకాయన, ఇది చాలా పురాతనమైన జాతి అనీ, పాత సమాధిరాళ్ళ మీద కూడా దీని బొమ్మ ఉందనీ చెబితే, ఆ ఊరి ముసలామె అసిమీనా నవ్వేసింది.

"రాళ్ళ సంగతి నాకు తెలీదు నాయనా. మా మంచాల కింద మాత్రం ఎప్పుడూ ఉండేవి."

ఆమె అత్తగారు జబేతా పోయాక, ఆవిడ పెంచుకున్న కనేలా అనే కొకోని ఇద్దరు కోడళ్ళకీ మిగిలింది. పెద్దకోడలు అసిమీనా, చిన్నకోడలు మరిగో. రెండిళ్ళ మధ్య నడుమెత్తు గోడ. అన్నదమ్ములిద్దరూ సముద్రం మీద ఉన్నారు. తోడికోడళ్ళకు మాటల్లేవు.

గొడవంతా పేరు దగ్గర వచ్చింది. నాయనమ్మ పేరు మనవరాలికి పెట్టుకోవడం అక్కడి ఆనవాయితీ. "నా కడుపు పండితే అత్తయ్య పేరు నేను పెట్టుకుంటానే, కాస్త ఆగు" అని అసిమీనా నోరు విడిచి అడిగింది. మరిగో ఆగలేదు. కూతురికి జ్ఞానస్నానం చేయించి జబేతా అని పిలిచేసింది. అసిమీనాకు పిల్లలు కలగనే లేదు. ఆ పిల్లను 'గోడవతలి పిల్ల' అనడమే తప్ప, పేరెప్పుడూ ఆమె నోట రాలేదు.

కనేలాకు ఈ పట్టింపులేవీ లేవు. పొద్దున అసిమీనా దగ్గర పాలలో నానబెట్టిన రొట్టె తినేది. రాళ్ళ సందుల్లో కాళ్ళు పెట్టి గోడెక్కి, మధ్యాహ్నానికి మరిగో వాకిట్లో చేపతలకాయ కొరుకుతూ కనబడేది. తోడికోడళ్ళ మాటలు కూడా దాని మీదుగానే నడిచేవి.

"కనేలా, ఆ ఇంటావిడతో చెప్పవే, ఉతికిన నీళ్ళు మా గుమ్మంలోకి వస్తున్నాయని."

"కనేలా, ఈ ఇంటావిడతో చెప్పు, నీళ్ళు పల్లానికే పోతాయి, కొందరి మనసులాగా మెట్టెక్కి కూర్చోవని."

అది గోడ మీద కూర్చుని, ఎవరు మాట్లాడితే వాళ్ళవైపు తల తిప్పేది. "ఆ కుక్కకే నోరుంటే ఈపాటికి మీ ఇద్దరికీ చెరో నాలుగు పెట్టేది" అనేవాళ్ళు ఇరుగుపొరుగు.

ఒక ఏడాది, ఈస్టరు ముందు పెద్ద ఉపవాసాలు మొదలయ్యే సోమవారం. ఆ రోజు గలాక్సీది అంతా పిండి యుద్ధం. మొహాలకు మసి, నడుములకు గంటలు, వీధినిండా నీలం, కాషాయం కలిపిన పిండి. ఆ మోతకు కనేలా ఎటో పారిపోయింది. పక్కింట్లో ఉందిలే అని ఇద్దరూ ఊరుకున్నారు. పొద్దువాలాక మరిగో, ఆక్టోపస్ ముక్క పళ్ళెంలో పెట్టి గోడ దగ్గరికొచ్చింది.

"కనేలా, ఆ ఇంటావిడతో చెప్పు..." అని ఆగిపోయింది. గోడ మీద ఎవరూ లేరు.

అటువైపు అసిమీనా కూడా గిన్నె పట్టుకుని నిలబడి ఉంది.

"అక్కా, మీ ఇంట్లో లేదా?"

"లేదే! నీ దగ్గర లేదూ?"

ఇద్దరూ రేవుకు పరిగెత్తారు. దారిలో ఎవరో చెరో గుప్పెడు పిండి కొట్టారు, తిట్టే తీరిక కూడా లేకపోయింది. చివరికి బోర్లించిన పడవ కింద, నీలం రంగు ముద్దలా వణుకుతూ కనబడింది. మరిగో పొట్ట మీద పాక్కుంటూ దూరి, దాన్ని పట్టుకుంది గానీ వెనక్కి రాలేకపోయింది.

"లాగక్కా! నా పావడా కాదు, నన్ను లాగు!"

అసిమీనాకు నవ్వాగలేదు. నవ్వుతూనే కాళ్ళు పట్టి లాగింది. బయటపడ్డ మరిగో మొహంలో కాషాయం పిండి మీద కన్నీటి చారలు. అవి నవ్వువో ఏడుపువో ఆమెకే తెలియలేదు.

అసిమీనా వాకిట్లో నీళ్ళు కాచి తొట్టిలో పోశారు. ఒకరు పట్టుకుంటే ఒకరు రుద్దారు. నీళ్ళు ఎన్నిసార్లు మార్చినా నీలంగానే వస్తున్నాయి. కనేలా ఒళ్ళు దులిపి ఇద్దరినీ తడిపేసింది.

"జబేతా! ఆ తువ్వాలు పట్రామ్మా" అని కేకేసింది అసిమీనా.

మరిగో చేతులు నీళ్ళలోనే ఆగిపోయాయి. పిల్ల తువ్వాలుతో పరిగెత్తుకొచ్చి, పిలిచిందెవరా అని ఇద్దరి మొహాలూ చూసింది. అసిమీనా తువ్వాలు అందుకుని, ముందు ఆ పిల్ల ముక్కుకంటిన పిండి తుడిచింది.

ఆ తర్వాత వాళ్ళు పోట్లాడుకోలేదని కాదు. పోట్లాడుకున్నారు, ఎదురెదురుగా, గొంతులెత్తి. కానీ ఒకే కుంపటి మీద కాఫీ కాచుకున్నారు. కనేలా పోయినప్పుడు అంజూరపు చెట్టు కింద ఇద్దరూ కలిసే పూడ్చారు. మళ్ళీ కుక్కను తెచ్చుకుందామంటే మరిగో వద్దంది.

ఇప్పుడు మరిగో లేదు. జబేతా పిరేయస్‌లో కాపురం ఉంటూ ఆదివారాలు ఫోన్ చేస్తుంది. మరిగో ఇంట్లో వేసవికి ఎవరో అద్దెకు దిగుతారు, గోడ మీద తడి తువ్వాళ్ళు ఆరేస్తారు. అసిమీనా సాయంత్రాలు వాకిట్లో కూర్చుని కాఫీ తాగుతుంటే, ఎడమచెయ్యి దానంతటదే కుర్చీ కిందికి జారుతుంది. అక్కడ వెచ్చటి బొచ్చు తగలదు. చెయ్యి మాత్రం కాసేపు అక్కడే ఉంటుంది.