పాపారావు ఆయ్ అన్నాడు

ఇనుము దగ్గరికి వెళితే పాపారావుకు కునుకులాంటిది పడుతుంది. కళ్లు తెరిచే ఉంటాయి, చేతులు పని చేస్తూనే ఉంటాయి, మనిషి మాత్రం అక్కడ ఉండడు. అలాంటప్పుడు ఎవరేమడిగినా నోట్లోంచి "ఆయ్" అని ఒక్క ముక్క వస్తుంది. కోనసీమలో ఆయ్ అంటే అవునని అర్థం, సగంసార్లు. మిగతా సగంసార్లు, మీరు మాట్లాడుతున్నారు, నేనిక్కడే ఉన్నాను, కానివ్వండి అని. పాపారావు విషయంలో ఆ ఇక్కడే ఉన్నాననేది శుద్ధ అబద్ధం.

గోదావరి మధ్య లంకలో ఇల్లు, పాయ మీద ఇంజను పడవ, అదీ ఆయన బతుకు. పడవకున్నది పాత లారీ ఇంజనే. బడులు తెరిచిన వారంలోనే అందులో అసలు ఇరుసు, క్రాంకు షాఫ్టు, విరిగింది. భార్య ఎలీసమ్మ కొత్తపేటలో టీచరు. తెడ్డు పడవ మీద రోజూ దాటలేక అక్కడే చెల్లెలు శారోన్ ఇంట్లో ఉండిపోయింది. ఆదివారం ప్రార్థనకు లంకకు వస్తుంది, సోమవారం పొద్దున్నే వెళ్లిపోతుంది. ఆవిడ లేక ఇల్లు బోసిపోయింది. ఆ మాట నోరు తెరిచి చెప్పడం చేతకాదు గనక పాపారావు ఇంజను వెతుకుతున్నాడు. వరదనీరు రాకముందే పడవ కదలాలి, ఎలీసమ్మను ఇంటికి తెచ్చుకోవాలి. మరో ధ్యాస లేదు.

రావులపాలెం దారిలో పెద్దిరాజు పాత లారీల యార్డు ఉంది. ముసురు పట్టి వెలిసిన మధ్యాహ్నం పాపారావు అక్కడికి వెళ్లాడు.

"కాలవ గట్టు వైపు చూడండి పాపారావుగారూ, పాతవన్నీ అక్కడే పడేసేం" అన్నాడు పెద్దిరాజు. "మా రాజేంద్ర అక్కడే ఉన్నాడు. కొత్తవాడండి, అనంతపురం నుంచి వచ్చేడు. పనికిరానివి పగలగొడుతున్నాడు. ఏం కావాలన్నా అతనికి చెప్పండి."

"ఆయ్."

తడిసిన గడ్డిలో ఇంజన్లు పడుకుని ఉన్నాయి. దొండతీగ ఒకదాని మీంచి ఇంకోదాని మీదికి పాకి, మూతల్లేని కన్నాల్లోకి దూరి, ఇంకో పక్క నుంచి పూలతో బయటికొచ్చింది. తడి ఇనుము మీద నీరెండ పడి సన్నగా ఆవిరి లేస్తోంది. అన్నిటికీ చివర, తన పడవలోని దానికి కవలలాంటి ఇంజను కనిపించింది. పాపారావు తీగలు విడదీసి, గునపంతో ఫ్లైవీలు తిప్పి చూశాడు. కాస్త మొరాయించి, తిరిగింది. తుప్పుకు పట్టెయ్యలేదు, బతికే ఉంది! ఒళ్లంతా సంతోషం పాకింది.

దాని మీద చెయ్యి వేసి అలాగే నిలబడ్డాడు. ఇక ఆ మనిషి యార్డులో లేడు. ఇంజను పడవలో ఉంది, పడవ గోదారిలో ఉంది. కొబ్బరి తోటలు నీళ్లలో తలకిందులుగా ఊగుతున్నాయి. ముందువైపు ఎలీసమ్మ కూర్చుని ఉంది, ఒళ్లో క్యారేజీ, గాలికి చెదిరే జుట్టు సర్దుకుంటూ ఇటు తిరిగి ఏదో అంటోంది. ఇంజను చప్పుడులో వినపడటం లేదు. వినపడకపోయినా ఎంత బాగుందో!

"ఏం పెద్దాయనా, దీన్ని పగలగొట్టేదా?" అని ఎవరో చాలా దూరం నుంచి అడిగారు.

"ఆయ్" అన్నాడు పాపారావు.

"ఇదేనా?"

"ఆయ్" అంటూ, మర్యాదగా పక్కకు కూడా జరిగాడు.

సమ్మెట దెబ్బకు కాలవ గట్టు మీది కొంగలన్నీ ఒక్కసారి లేచాయి. పాపారావు కళ్ల ముందు ఇంజను గోడ నిలువునా చీలి ఉంది. "అయ్యో! ఎందుకు కొట్టేవయ్యా?" అని కేక పెట్టాడు.

రాజేంద్ర బిత్తరపోయాడు. "నువ్వే కదా పెద్దాయనా! రెండు తూర్లు అడిగినా, రెండు తూర్లూ ఆయ్ అంటివి."

పెద్దిరాజు పరుగెత్తుకొచ్చాడు. "మావాళ్ల ఆయ్‌ని నమ్మి సమ్మెట ఎత్తేస్తారటయ్యా?" అని నవ్వబోయి, పాపారావు మొహం చూసి ఊరుకున్నాడు.

పాపారావు గడ్డిలో చతికిలబడ్డాడు. రాజేంద్ర పాపం సిగ్గుపడి, పగిలిన ఇంజన్ని విప్పడం మొదలుపెట్టాడు. లోపల క్రాంకు షాఫ్టు చెక్కుచెదరలేదు. పడవలో ఇంజనుకు కావలసిందీ అదే. పోయిన ప్రాణం తిరిగొచ్చింది. దాన్ని గోనెసంచిలో చుట్టి ఒళ్లోకి తీసుకున్నాక, రెండు తూర్లూ ఆయ్ అంటివి అన్న రాజేంద్ర మాట గుర్తొచ్చింది.

మొన్న ఆదివారం తను ఇంజను మూత సాన పెడుతుంటే ఎలీసమ్మ వెనక నిలబడి ఏదో అడిగింది. మళ్లీ అడిగింది. రెండుసార్లూ ఆయ్ అన్నాడు. ఆవిడ ఆయన భుజం మీద చెయ్యి వేసి, చాలాసేపు తియ్యలేదు. ఎందుకంత సంతోషపడిందో తను అడగనే లేదు.

ఆటో ఎక్కి కొత్తపేట వెళ్లాడు. శారోన్ గుమ్మంలోనే ఎదురైంది. "మీరు సామాన్లతో రేపొస్తారనుకున్నాం బావగారూ! అక్క కొత్తింట్లో ఉందండి, పక్క వీధే. రంగులు వేసేస్తోంది."

అది రెండు గదుల అద్దె వాటా. ఎలీసమ్మ చీర చెంగు దోపుకుని, చెయ్యంతా రంగుతో ఎదురొచ్చింది. "చూడండి, ముందు గది మీ సామాన్లకేనండి. గచ్చు గట్టిది, ఎంత బరువైనా దించుకోవచ్చు. లంక వదిలి వచ్చేద్దామంటే మీరు సరేనంటారని నేననుకోలేదు."

పాపారావు సంచి గుమ్మం దగ్గర దించాడు. అబద్ధం ఆడటానికి ఇదే మంచి అదను. ఆడలేకపోయాడు.

"ఎలీసమ్మా, ఆ రోజు నువ్వేమన్నావో నేను వినలేదు."

ఆవిడ చేతిలోని బ్రష్షు కిటికీలో పెట్టేసింది. "ఒక్కసారైనా విన్నారనుకున్నానండి" అంది. ఆ మాటకు పాపారావు కళ్లలో నీళ్లు తిరిగాయి.

"మళ్లీ చెప్పు" అన్నాడు.

ఆవిడ ఖాళీ రంగుడబ్బా బోర్లించి, కూర్చోమని ఆయన ముందుకు జరిపింది, తను గచ్చు మీద కూర్చుంది. "చీకటి పడ్డాక గోదారి చప్పుడు వింటే నాకు భయమండి. కాపురానికి వచ్చిన రోజు నుంచీ భయమే. పడవ ఆగినందుకు ఏడవాలి కదా, నేను దేవుడికి స్తోత్రం చెప్పుకున్నాను."

క్రాంకు షాఫ్టు గుమ్మం దగ్గరే ఉంది. పాపారావు అటు చూడలేదు, ఆవిడ ఇంకేం చెబుతుందోనని ఆవిడ మొహంలోకే చూస్తూ కూర్చున్నాడు.