ప్రింట్ ఒక్కటే తియ్యాలి

ఆదివారం పొద్దున్న పదింటికి బుల్లి తన అక్కవాళ్ళింట్లో కంప్యూటర్ ముందు కూర్చుంది, కూర్చున్న రెండో నిమిషంలోనే ఆ హెచ్చరిక డబ్బా తెర మధ్యలో ప్రత్యక్షమైంది. ఈ ప్రింటర్ వాడటానికి మీకు అనుమతి లేదు, అడ్మినిస్ట్రేటర్‌ని సంప్రదించండి. కింద ఒక్కటే బటన్, సరే అని. సరే అనక చేసేదేముంది. నొక్కితే పోతుంది, ఇలా ఊపిరి పీల్చుకునేలోపు వద్దన్నా వచ్చే చుట్టంలా మళ్ళీ వచ్చి కూర్చుంటుంది.

అక్క పోయి నెలయింది. ఆస్పత్రిలో ఆఖరిసారి మాట్లాడినప్పుడు చెల్లెలికి అప్పగించిన పని ఇదే. "పాప గౌను గీసేశానే. ప్రింట్ ఒక్కటే తియ్యాలి. ఉన్నట్టుండి అదేదో పర్మిషనంటూ విసిగిస్తోంది, కాస్త చూడు," అంది. బుల్లి నవ్వి, అదెంతసేపక్కా, నువ్వు ఇంటికొచ్చేసరికి తీసి పెడతా అంది. అక్క ఇంటికి రాలేదు. బుల్లి కూడా రాలేకపోయింది, అంటే వచ్చింది, నాలుగుసార్లు వచ్చింది, ఆ కుర్చీ వంక చూడటం చేతకాక వెనక్కి వెళ్ళిపోయింది. ఇక ఇప్పుడు రాక తప్పలేదు, ఎందుకంటే వచ్చే శనివారమే పాప స్కూల్లో పాటల కార్యక్రమం, పాప నిలబడేది ముందు వరసలో.

పాపకి తొమ్మిదేళ్ళు. వెన్ను ఒక పక్కకి ఒంగి ఉంటుంది. కుడి భుజం పైకి, ఎడమ భుజం కిందకి. కొట్లో కొన్న ఏ గౌనయినా ఒక పక్క మోకాలెక్కుతుంది, ఇంకో పక్క భుజం మీంచి జారుతుంది, పాప రోజంతా ఒక చేత్తో మెడ దగ్గర గుడ్డ పట్టుకునే తిరుగుతుంది. అక్క టైలర్ షాపులో కటింగ్ చేసేది. పాప బట్టలు మాత్రం ఇంట్లో కంప్యూటర్ మీద గీసేది, కుడి సగం ఒక లెక్క, ఎడమ సగం ఇంకో లెక్క. మామూలు కాగితాల మీద ముక్కలు ముక్కలుగా ప్రింట్ తీసి, తల్లీకూతుళ్ళు నేల మీద పరిచి అతికించి, పెద్ద పేపర్ కటింగ్ తయారుచేసుకునేవాళ్ళు. ఆ గౌను వేసుకుంటే పాపకి ఏ వంకా లేనట్టే ఉండేది. నిజంగా, తెలియని వాళ్ళకి తెలిసేదే కాదు.

షాపు మేడం ముందే చెప్పేసింది, కాగితాలు అతికించి తెచ్చిస్తే రెండ్రోజుల్లో కుట్టించి ఇస్తానని. గీయమంటే మాత్రం చేతులెత్తేసింది. రెండు పక్కలా ఒకేలా ఉండే ఒళ్ళయితే కళ్ళు మూసుకుని గీస్తానమ్మా, ఈ పిల్ల లెక్క మీ అక్క బుర్రలో తప్ప ఇంకెక్కడా లేదు అంది. పాత పేపర్ కటింగులు పనికిరావు, ఏడాదిలో పాప బెత్తెడు ఎదిగింది, ఒంపూ మారింది. కాబట్టి ఉన్నది ఒక్కటే దారి, ఈ కంప్యూటరే.

బుల్లికి ఇదేం కొత్త కాదు. ఆమె ఉద్యోగమే ఇది. ఇంటర్నెట్ కంపెనీలో ఫోనెత్తి, ఒకసారి ఆపి మళ్ళీ పెట్టండి సార్, ఎడమ పక్క మూడోది నొక్కండి సార్, ఏమీ పోదు సార్, ధైర్యంగా నొక్కండి అని రోజుకి అరవైమందికి చెప్పడం. తెర మీద మెట్లు రాసి ఉంటాయి, ఒకటయ్యాక ఒకటి చదువుకుంటూ పోవడమే, మధ్యలో ఆగి ఆలోచిస్తే కాల్ టైము పెరిగి సూపర్‌వైజర్ వెనక నిలబడతాడు. అందుకే ఆమె చెయ్యి ఆమె కన్నా ముందుంటుంది.

బావ బస్సు డ్రైవరు. డ్యూటీకి వెళ్ళబోతూ గుమ్మంలో ఆగి, "డాక్టరమ్మ వచ్చారుగా, ఇక పేషెంటుకి ఢోకా లేదు," అన్నాడు. నెల రోజుల్లో ఆయన నోట ఒక వేళాకోళం రావడం అదే మొదలు. పాస్‌వర్డ్ చెప్పు బావా, ఈ కంప్యూటర్‌కి పెత్తనం నీ పేరు మీదే ఉంది అంది బుల్లి. బావ బుర్ర గోక్కున్నాడు. కొన్నప్పుడెప్పుడో పెట్టాడట, తరవాత ఎప్పుడూ ముట్టుకోలేదట. పెళ్ళి తేదీ కొట్టారు, కాదంది. పాప పుట్టినరోజు, కాదంది. అక్క పేరు ముందు నుంచీ వెనక నుంచీ కొట్టారు. చివరికి బావ నేల చూపులు చూస్తూ, "బండి నంబరు కొట్టి చూడు," అన్నాడు. తెరుచుకుంది. పెళ్ళామూ పిల్లా కాదు, బస్సన్నమాట అని బుల్లి అనేలోపే, ఈ మాట మీ అక్క వినుంటే నెల రోజులు నాకు అన్నం పెట్టేది కాదు అని ఆయనే అనేసి, గబగబా మెట్లు దిగి వెళ్ళిపోయాడు. దిగేటప్పుడు ముక్కు ఎగబీల్చడం వినపడింది.

బుల్లి ఇక ఆగలేదు. ప్రింటర్ సెట్టింగుల్లోకి వెళ్ళి, ఎవరెవరు ప్రింట్ తీయొచ్చో ఉన్న జాబితాలో అక్క ఖాతాకి ఎదురుగా టిక్కు పెట్టింది, ఆపి మళ్ళీ పెట్టింది. డబ్బా మళ్ళీ వచ్చింది. ప్రింటర్ తీగ ఊడదీసి మళ్ళీ పెట్టింది. వచ్చింది. మధ్యాహ్నమయ్యేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. పాప రెండుసార్లు వచ్చి తలుపు దగ్గర నిలబడి, అడక్కుండానే వెళ్ళిపోయింది, ఆ అడక్కపోవడమే బుల్లిని ఇంకా తొందరపెట్టింది. ఇంటర్నెట్లో వెతికితే ఎవరో రాశారు, పాత ప్రింటేదో వరసలో ఇరుక్కుంటే ఈ డబ్బా పదేపదే వస్తుంది, ప్రింట్ సర్వీసు ఆపి, ఆగిపోయినవన్నీ ఉండే ఫోల్డర్ ఖాళీ చేసి, మళ్ళీ మొదలుపెట్టండి అని. వరస తెరిచి చూస్తే నిజంగానే ఒకటుంది. పేరు లేని పత్రం, ఆగి ఉంది. పక్కన తేదీ, ఇంకేవో అంకెలు. దొరికావురా దొంగా అనుకుంది బుల్లి. సర్వీసు ఆపింది. ఫోల్డర్‌లో ఉన్నవన్నీ ఎంచి తీసేసింది. మొదలుపెట్టింది.

డబ్బా రాలేదు.

ఐదు నిమిషాలు చూసింది, రాలేదు. టెస్ట్ పేజీ కొడితే ప్రింటర్ గురగురమని ఒళ్ళు విరుచుకుని, రంగురంగుల చారలతో ఒక కాగితం బయటికి తోసింది. బుల్లి కుర్చీలోంచి లేచి పాపని కేకేసింది. పాప పరిగెత్తుకొచ్చింది, పక్క బల్ల లాక్కుని తల్లి పక్కన కూర్చునేచోటే కూర్చుంది. ఇక గౌను ఎక్కడుందో చూపించు బంగారం అంటూ బుల్లి అక్క గీసే ప్రోగ్రాం తెరిచింది. తెల్లటి గళ్ళ కాగితం వచ్చింది. పాత ఫైళ్ళు అన్నచోట నొక్కితే ఖాళీ. ఫోల్డర్లన్నీ వెతికింది, ఖాళీ.

"ఎక్కడ సేవ్ చేసేదే మీ అమ్మ?"

"సేవ్ చెయ్యదు పిన్నీ," అంది పాప. "ఇది ఊరికే వచ్చింది కదా, ఇందులో సేవ్ రాదు. ప్రింట్ మాత్రమే వస్తుంది. అమ్మ గీసి, వెంటనే ప్రింట్ కొట్టేసి, మూసేస్తుంది. కాగితమే మన సేవ్ అంటుంది."

బుల్లి చెయ్యి మౌస్ మీంచి తీసేసింది. ఆస్పత్రి మంచం మీద అక్క అన్న మాట ఒక్కొక్క ముక్కా ఇప్పుడు అర్థమైంది. గీసేశానే. ప్రింట్ ఒక్కటే తియ్యాలి. అంటే అక్క అన్నీ చేసేసింది, కొట్టాల్సిన బటన్ కూడా కొట్టేసింది, గౌను ప్రింటర్ గుమ్మం ముందు లోపలికి రానిమ్మని నెల పైగా నిలబడి ఉంది, ఆ డబ్బా అడుగుతున్న అనుమతి దాని కోసమే. దాన్నే బుల్లి తన చేత్తో ఊడ్చి పారేసింది. ఆగి ఒక్కసారి తేదీ చదివుంటే చాలు. ఇప్పుడు కళ్ళ ముందు మెదిలింది, అక్క ఆస్పత్రికి వెళ్ళడానికి ముందు రోజు తేదీ అది.

పాపకేమీ చెప్పకుండా చెత్తబుట్ట తెరిచింది, అందులో లేదు. పోయినవి వెనక్కి తెచ్చే ప్రోగ్రాం ఒకటి దింపింది, అది రెండు గంటలు మెషీన్ అంతా తవ్వి ఎప్పటివో పెళ్ళి ఫోటోల ముక్కలు, సగం సగం పాటలు పైకి తీసింది. ఇంకోటి దింపింది. ఆఫీసులో తెలిసిన సీనియర్‌కి ఫోన్ చేస్తే, ఆయన అంతా విని, ఆ ఫోల్డర్‌లోవి పోతే పోయినట్టేనమ్మా, పైగా తీసేశాక దాని మీదే ఇన్ని దింపావు అన్నాడు. బుల్లి థాంక్స్ సార్ అంది, అలవాటుగా, ఇంకేమైనా సహాయం కావాలా అని కూడా అనబోయింది. ఫోన్ పెట్టేసి చూస్తే పాప తనవంకే చూస్తోంది. పిల్లలకి ఒకరు చెప్పాలా.

సాయంత్రం ఐదింటికి బావ వచ్చాడు, చేతిలో పెద్ద జిగురు సీసా. ప్రింటర్ దగ్గర టెస్ట్ పేజీ చూసి మొహం విప్పారింది, అంటే పనైపోయిందన్నమాట అన్నాడు. బుల్లి నిలబడే చెప్పింది. మొత్తం చెప్పింది, దేన్నీ తగ్గించకుండా, నేనే తీసేశాను బావా అని రెండుసార్లు. తిడతాడనుకుంది, తిడితే బాగుండుననుకుంది. ఆయన జిగురు సీసా బల్ల మీద పెట్టి, మూత బిగించి ఉన్నదాన్నే మళ్ళీ బిగించాడు.

"తీసేసే ముందు తెరిచి చూశావా? ఎలా ఉందో?" అన్నాడు.

"లేదు బావా. పేరు కూడా లేదు. పక్కన పేజీలెన్నో ఉన్నాయి. పదహారు అనుకుంటా."

నేల మీద కూర్చున్న పాప తలెత్తింది. "పదహారా? బాగా గుర్తుందా పిన్నీ?"

"ఆ. పదహారే."

"పొట్టి చేతులకి పన్నెండే," అంది పాప. "నావన్నీ పన్నెండే." కాసేపు వేళ్ళు మడిచి లెక్కేసుకుంది, నిదానంగా, తప్పు రాకుండా. "అమ్మ పొడుగు చేతులు పెట్టింది నాన్నా. నేనడిగాను. ఉక్కపోస్తుంది, వద్దంటే వద్దంది నాతో."

బావ వెళ్ళి పాప పక్కన నేల మీదే చతికిలబడ్డాడు, డ్యూటీ చొక్కాతోనే. బుల్లి ఎక్కడ కూర్చోవాలో తెలియక నిలబడే ఉండిపోయింది. పాప కుడి చెయ్యి ముందుకి చాచి, మోచేతి మీంచి మణికట్టు దాకా ఒకసారి చూసుకుంది. తరవాత ఎడమ చెయ్యి చాచి, అదీ చూసుకుంది.