ఇద్దరూ వద్దన్న పని

ఆడపిల్లల బడుల్లో కుట్టు క్లాసులు మాన్పించి, ఆ గదుల్లో సైన్సు లాబులు పెట్టించిన ఘనత ఆవిడది. ఊళ్లో అందరూ బడి మేడమ్ అంటారు. సంఘసేవే ఉద్యోగం. చెప్పులరిగేలా ఇంటింటికీ తిరిగి, తండ్రులతో వాదించి, చదువు మానేసిన ఆడపిల్లల్ని మళ్లీ బడిలో కూర్చోబెట్టడంలోనే ఆవిడ జుట్టు నెరిసింది. కుట్టు మిషన్ చప్పుడు వింటే చాలు, ఒళ్లు మండుతుంది. ఆడపిల్లని ఇంట్లో కట్టేయడానికి దాన్ని మించిన తాడు లేదని ఆవిడ నమ్మకం. గట్టి నమ్మకాలున్న వాళ్లతో వచ్చే చిక్కే ఇది, ఎదుటివాళ్లు సగం చెప్పేసరికే వీళ్లకి మొత్తం అర్థమైపోతుంది.

ఆ రోజు, మగవాళ్ల కోట్లు కుట్టే టైలరు ఫోన్ చేసి, తన కూతురు కాలేజీకి పోనంటోందని చెప్పాడు. ఆ పిల్లని ఎలక్ట్రికల్ కోర్సులో చేర్పించడానికి మేడమ్ అతనితో ఏడాదిపాటు తల బాదుకుంది. క్లాసు మొత్తానికి ఒక్కతే ఆడపిల్ల. ఈ పిల్లే మానేస్తే రేపు ఇంకో తండ్రి ముందు ఏ మొహం పెట్టుకుని నిలబడాలి? చేస్తున్న పని అక్కడే వదిలేసి పరుగెత్తింది.

కొట్లో పిల్ల కటింగ్ బల్ల దగ్గర నిలబడి ఉంది. మెడలో టేపు, వేళ్లకి సుద్ద.

"నాకు కోట్లు కత్తిరించడం ఇష్టం మేడమ్," అంది తడుముకోకుండా. "మార్కులు బాగానే వస్తున్నాయి, మనసే అక్కడ లేదు. నాన్న చూడకుండా మూడు కోట్లు కత్తిరించాను. ఒక్క కొలతా తప్పలేదు."

"తప్పలేదు," అన్నాడు టైలరు, ఒప్పుకోక తప్పనట్టు. "అయినా మగాళ్ల ఒంటికి టేపు పెట్టడం ఆడపిల్ల చేసే పనా మేడమ్? నలుగురూ ఏమనుకుంటారు?"

"ఇంత చదివించింది మళ్లీ కుట్టు పనికా?" అంది మేడమ్. "ఆడపిల్లలంటే కుట్లూ అల్లికలే అనే రోజులు పోవాలనే కదమ్మా నేనింత తిరిగింది."

మగవాళ్ల పని అని ఆయన వద్దన్నాడు. ఆడవాళ్ల పని అని ఈవిడ వద్దంది. బల్ల మీద ఉన్నది మాత్రం ఒకటే కోటు.

"చూశావా, మేడమ్ కూడా అదే అంటున్నారు," అన్నాడు టైలరు, మొహం వెలిగిపోతూ. ఇన్నాళ్లలో ఆ మనిషి వాదించకుండా ఆవిడ మాటకి తలూపడం ఇదే మొదలు. పక్క కొట్టు నుంచి టీ కూడా తెప్పించాడు. ఆవిడకి అది హాయిగానే అనిపించింది.

"కుట్టు కాదు మేడమ్, కటింగ్," అంది పిల్ల. "బట్ట బల్ల మీద ఉండగానే, అది మనిషి భుజం మీద ఎలా కూర్చుంటుందో నాకు కనిపించేస్తుంది."

"ఉద్యోగం వచ్చాక సరదాకి కత్తిరించుకుందువుగాని."

"సరే మేడమ్," అని పిల్ల టేపు తీసి మేకుకి తగిలించింది.

నోటి దాకా వెళ్లిన టీ గ్లాసు అక్కడే ఆగిపోయింది. పుస్తకాల సంచీ మూలన పెట్టేసి "సరే నాన్నా" అనే పిల్లల్ని మేడమ్ ఎన్ని ఇళ్లలో చూడలేదు. అచ్చం ఇదే గొంతు. అలాంటప్పుడల్లా తండ్రి వైపు తిరిగి, పిల్లని ఒక్క మాట అడిగారా అని నిలదీసేది. ఇప్పుడు నిలదీయాల్సింది తననే. సిగ్గుతో ఆవిడ చెవులు వేడెక్కాయి.

గ్లాసు కింద పెట్టింది. "ఆగమ్మా. నేనన్నదంతా వదిలెయ్. నీకేం కావాలో నువ్వు చెప్పు. నాన్నకి నేను నచ్చజెప్తాను."

ఇందాక గడగడా మాట్లాడిన పిల్లే. ఇప్పుడు ముందు తండ్రి మొహం చూసింది, తర్వాత మేడమ్ మొహం చూసింది, ఏం చెప్తే ఇద్దరికీ నచ్చుతుందో వెతుక్కుంటూ.

"మీరెలా అంటే అలాగే మేడమ్," అంది.