ఎల్లాజీ ఎంచుకున్న బోర్డును నేను

నన్ను తెప్ప మీదికి లాగినవాళ్లు ముందు నా మీద మనిషి లేడని చూశారు, బోర్లా తిప్పాక నా అడుగున ఉండాల్సిన మూడు ఫిన్లలో ఒకటి లేదని చూశారు.

"ఎల్లాజీదే ఇది," అన్నాడు తెడ్డు వేస్తున్న పెద్దాయన.

రెండోవాడు నీళ్ల వైపు తిరిగి ఆ పేరు పెట్టి పిలిచాడు. గొంతు బొంగురుపోయేదాకా పిలిచాడు. ఆ పేరుకి బదులు పలకగలిగింది అక్కడ నేనొక్కదాన్నే. నాకేమో నోరు లేదు.

నేను ఒక పందెపు బోర్డును. ఆకాశంలో గాలిపటంలాంటి పెద్ద కైట్ లాగుతూ ఉంటే మనిషి నా మీద నిలబడి సముద్రం మీద జారిపోతాడు. గాలి బాగా ఉన్న రోజు ఏ బోర్డయినా పరుగెత్తుతుంది. గాలి సన్నగా, ఉందా లేదా అన్నట్టు వీచే రోజు కోసం నన్ను చేశారు. ఎక్కడో చలిదేశంలో నురుగుదిమ్మను చెక్కి, నల్లటి కార్బన్ గుడ్డ చుట్టి, పైన రెసిన్ పోసి ఆరబెట్టారు. వెడల్పు ఎక్కువ, వెనక భాగం మరీ ఎక్కువ. అడుగున చేప రెక్కల్లాంటి మూడు పొడుగు ఫిన్లు.

మామూలు బోర్డులకు ముందూ వెనకా ఉండవు. ఎటు కావాలంటే అటు పోతాయి. నాకు ముక్కుంది, తోక ఉంది. నా మీద దిక్కు మార్చాలంటే మనిషి కాళ్లు మార్చుకోవాలి, లేకపోతే నీళ్లలో పడతాడు. ఈ ఒక్క కష్టం కోసం చాలామంది నన్ను వద్దనుకున్నారు. రామేశ్వరంలో కైట్ నేర్పే ఒక విదేశీయుడు నన్ను తెచ్చాడు, కొన్నాళ్లు తిరిగాడు, తన దేశం వెళ్లిపోతూ ఒక దుకాణంలో వదిలేశాడు. ఆ దుకాణంలో నన్ను గోడకు మొహం పెట్టి నిలబెట్టారు.

ఒక సంగతి ముందే చెప్పాలి. మనుషులు నాకు పాదాలతోనే తెలుస్తారు. మొహాలు గుర్తుండవు, చేతులు అసలే గుర్తుండవు. ఈ లోపమే తర్వాత నన్ను కాల్చుకు తింది.

భీమిలి అవతలి పల్లె నుంచి ముగ్గురు ఆ దుకాణానికి వచ్చారు. ఎల్లాజీ, అతని అక్క హైమ, స్నేహితుడు సోంబాబు. మగవాళ్లిద్దరూ కలిసి ఒడ్డున కైట్ నేర్పే బడి పెట్టుకున్నారు. హైమ తెప్పల అడుగున పడిన చిల్లులకు ఫైబర్ అతుకులు వేస్తుంది, బడిలో బోర్డుల బాగోగులూ చూస్తుంది. ఎండాకాలంలో జరగబోయే పందానికి బోర్డులు కావాలి. దుకాణంలో పందెపు బోర్డులు రెండే ఉన్నాయి. ఒకటి సన్నగా, ఎర్రగా, నిగనిగలాడుతూ ఉంది. రెండోది నేను.

సోంబాబు నన్ను వేలితో తట్టి, "ఇదేట్రా, తలుపులాగుంది. గొళ్లెం ఎక్కడ?" అన్నాడు.

హైమ నవ్వలేదు. నన్ను నేల మీద పడుకోబెట్టి నా తోక మీద అరచేత్తో నొక్కింది. "మన కాడ పందెం నాటికి గాలెంత ఉంటాది? నెత్తి మీద ఎంట్రుక కూడా కదలదు. ఆ ఎర్రది సన్నం, మనిషి బరువుకే దిగబడిపోతాది. దీని ఎనక ఎడల్పు సూడు, తేల్చి నిలబెడతాది. ఈ పొడుగు ఫిన్లు నీళ్లని గట్టిగా పట్టుకుంటాయి. గాలి నిన్ను తోసేసినా, ఎదురుగా ఏటవాలుగా కోసుకుంటా రావచ్చు."

"అప్పా, నువ్వు తెప్పలకి అతుకులేసుకో. బోర్డులు మాకొదిలీ," అన్నాడు సోంబాబు. వాళ్ల వైపు అక్కను అప్ప అంటారు.

ఎల్లాజీ చెప్పులు విడిచి నా పట్టీల్లో పాదాలు దూర్చి కళ్లు మూసుకున్నాడు. అరికాళ్లు గరుకు, ఎడమ కాలి బొటనవేలికి పాత గాయం. "ఇదే," అన్నాడు. సోంబాబు ఎర్రదాన్ని చంకలో పెట్టుకున్నాడు.

ఆ తర్వాత జరిగింది మీరు ఊహించగలరు. గాలి సన్నగా ఉన్న ప్రతి పూటా ఎర్రది నడుం లోతు నీళ్లలో మునిగి సోంబాబును ఒడ్డుకు నడిపించేది. మేము దూరంగా గీత గీసినట్టు వెళ్లి వచ్చేవాళ్లం. వలలు బాగుచేసుకునే ఆడవాళ్లు ఊరుకుంటారా?

"సోంబాబూ, నీ బోర్డు సన్నంగా బాగుంది. ఆ తలుపుకి గొళ్లెం సేసి పెట్టరాదూ?"

అతను నవ్వేవాడు. మనుషులు నవ్వితే సంతోషమని నేను అప్పట్లో అనుకునేదాన్ని.

పందానికి ముందు రోజు. వేట నిషేధం నడుస్తోంది, ఇంజను పడవలన్నీ ఇసుక మీదే ఉన్నాయి. పొద్దున షెడ్డులో హైమ నా ఫిన్లు బిగించింది. పానాతో బోల్టు తిప్పడం, వేలి కణుపుతో ఫిన్‌ను కొట్టి చప్పుడు వినడం ఆమె పద్ధతి. మూడోది బిగిస్తుంటే తెప్పకు చిల్లు పడిందని బయటి నుంచి ఎవరో పిలిచారు. బిగించడం పూర్తిచేసి, కణుపుతో కొట్టి, నన్ను సంచిలో పెట్టి వెళ్లింది. ఇది నాకు తెలుసు. ఆ హడావిడిలో ఆమెకు గుర్తులేదు.

కాసేపటికి సంచి తోక వైపు జిప్పు కొద్దిగా తెరుచుకుంది. ఒక చెయ్యి లోపలికి వచ్చింది. చల్లటి పానా బోల్టును తాకింది. బిగించినప్పుడు తిరిగే వైపు కాదు, రెండో వైపు తిరిగింది. జిప్పు మూసుకుంది.

అది ఎవరి చెయ్యో నాకు తెలియలేదు. పాదం పెట్టి ఉంటే చెప్పేదాన్ని.

ఎల్లాజీ నన్ను తీసుకుని బయల్దేరేసరికి గాలి సముద్రం మీద నుంచి ఒడ్డుకు వీస్తోంది. మేము చాలా దూరం వెళ్లాం. నడినీళ్లలో నా అడుగున ఏదో వణికింది. ఇంకాస్త దూరంలో వదులైన ఫిన్ ఊడి నీళ్లలోకి దిగిపోయింది. ఇక నాకు పట్టు లేదు. ఎటు నడిపినా గాలి తోసిన వైపే పక్కకు జారుతున్నాను. సరిగ్గా అప్పుడే కొండల మీద మబ్బు పట్టింది. గాలి ఆగి, వెనక్కి తిరిగి, కొండల నుంచి సముద్రం మీదికి వీచింది.

మూడు ఫిన్లూ ఉంటే ఆ గాలికి ఎదురుగా కోసుకుంటూ అతన్ని ఇంటికి తెచ్చేదాన్ని. నన్ను ఎంచుకున్నదే అందుకు. అతను కాళ్లు మార్చి మార్చి ప్రయత్నించాడు. చివరికి కైట్ నీళ్లలో పడింది. నా మీద బోర్లా పడుకుని, చెంప ఆనించి, "పదవే, పద," అన్నాడు. తర్వాత గాలి పెరిగింది. పడిన కైట్‌ను మళ్లీ ఎత్తింది. అది అతన్ని నా మీద నుంచి లాక్కుపోయింది.

ఎల్లాజీ దొరకలేదు.

ఊడిన ఫిన్ చోటు అందరూ చూశారు. అందరూ హైమ వైపు చూశారు. తెప్పలను పక్క పల్లెకు అతుకులకు తీసుకెళ్లడం మొదలుపెట్టారు. ఆమె ఎవరినీ తప్పుపట్టలేదు. అన్నం తింటూ తింటూ చెయ్యి ఆపి గాలిలో పానా తిప్పేది. మూడో బోల్టు బిగించానా, లేదా? జవాబు నాలో ఉంది. ఆమె నన్ను ఎన్నిసార్లు తడిమి చూసినా నేను ఇవ్వలేకపోయాను.

నన్ను ఒక వైజాగ్ కుర్రాడు తీసుకెళ్లాడు. ఒక్కరోజు తిరిగి, "వెనక పట్టీ దగ్గర ఎవరో నిలబడినట్టు బరువండీ" అని తెచ్చి ఇచ్చేశాడు. ఒక రిసార్టువాళ్లు అలంకారానికి గోడకు తగిలించారు. పొడిగా ఉన్న నా అంచు నుంచి రాత్రుళ్లు ఉప్పునీళ్లు కారాయి, గోడ మీద మనిషెత్తు మరక పడింది. వాళ్లూ పంపేశారు. ఫిన్ ఊడిన కంత లోంచి ఆ రోజు సముద్రం నా కడుపులోకి ఇంకిందంతే. అయినా ఎవరు ఎత్తినా నాలో గుడగుడమని చప్పుడయ్యేది, ఎత్తినవాళ్లు దింపేసేవాళ్లు.

"దాని మీద ఎల్లాజీ ఉన్నాడు, ముట్టుకోకండి," అని ఊరంతా చెప్పింది సోంబాబే. దెయ్యానిదే తప్పు అనుకుంటే మనుషులకు ఎంతో సుఖం. ఒక్క హైమకే ఆ సుఖం అక్కర్లేకపోయింది.

ఈ ఉదయం ఆమె నా కంత పూడ్చి, కొత్త ఫిన్లు బిగించి, ఒడ్డుకు మోసుకొచ్చింది. కైట్ విప్పి పరిచింది. తమ్ముడి దగ్గరే ఆమె కైట్ నేర్చుకుంది, అతను పోయాక నీళ్లలో దిగడం ఇదే మొదలు. ఆకాశం మబ్బుగా ఉంది. గాలి కొండల నుంచి సముద్రం మీదికి వీస్తోంది, సన్నగా.

సోంబాబు బడి అరుగు దిగి ఇసుకలో పరుగెత్తుకుంటూ వచ్చాడు.

"ఏటప్పా ఇది? ఈ గాలికి ఎవులైనా దిగుతారా?"

"నాను దిగుతాను. నా సేత్తో బిగించింది ఊడిపోతాదో నేదో, నా కాళ్ల కిందే సూసుకుంటాను."

"ఊడిపోతే?"

"ఊడిపోతే ఆడిని సంపింది నానేనని తేలిపోతాది. మరి ఎనక్కి రావక్కర్నేదు."

ఆమె పాదం నా పట్టీలో పెట్టింది. చిన్న పాదం, వణుకు లేదు. సోంబాబు నీళ్లలోకి వచ్చి నా ముక్కు పట్టుకుని మోకాళ్ల మీద కూలబడ్డాడు.

"ఊడదప్పా. నువ్వు బిగించింది ఎప్పుడూ ఊడదు. ఆ బోల్టు ఒదులు సేసింది నాను. సంచిలో సెయ్యెట్టి తిప్పినాను. గాలి ఒడ్డుకే కొడతాంది కదా, ఫిన్ ఊడితే జారి జారి ఇటే కొట్టుకొస్తాడు, బోర్డు నెత్తినెట్టుకుని నడుస్తాడు, ఆడోళ్లు ఒక్కరోజు ఆడిని సూసి నవ్వుతారు, అంతే అనుకున్నాను. గాలి తిరుగుతాదనుకోనేదు. తిరిగినప్పుడు ఇక్కడే నిలబడున్నాను. పక్కన తెప్పలోళ్లున్నారు. 'ఆడు దూరమైపోతన్నాడేట్రా' అన్నారు. ఎల్లండని ఒక్క మాటంటే ఎల్లేవోరు. ఎదురుగాలికి రాగలిగినోడి కోసం ఎందుకురా కంగారని అడిగితే ఫిన్ సంగతి సెప్పాలి. నోరు రానేదు. అప్పుడు ఆడు రెండు సేతులూ ఎత్తి ఊపినాడప్పా. తెప్పలోళ్లు నా మొకం సూసినారు. నానూ నవ్వుతా సెయ్యూపినాను. బాగానే ఉన్నాడులే అని ఆళ్లు ఇంటికెళ్లిపోనారు."