బావిలో బిందె పట్టు

మా కుస్తీ షోలు చూసేవాళ్ళలో ‘బావిలో బిందె’ తెలియనివాడు లేడు. ఎదుటివాణ్ణి తలకిందులుగా ఎత్తి, పొట్టకు అదుముకుని, ఒక్కసారిగా చతికిలబడటమే ఆ పట్టు. బిందె బావిలోకి జారినట్టు వాడి తల నేలకు దిగుతుంది. అంతటితో ఆట సరి. పిల్లల టీషర్టుల మీద కూడా ఇప్పుడు అదే బొమ్మ. అందులో నిలబడి ఉన్నది నా భార్య తమ్ముడు. జనం పెట్టిన పేరు పిడుగు. తలకిందులుగా వేలాడేవాడికి మొహం గీయలేదు. ఆ మొహం లేనివాణ్ణి నేనే.

పద్దెనిమిదేళ్ళ కిందట మార్కెట్ షెడ్డులో ప్రాక్టీసు చేస్తున్నాం. నన్ను తలకిందులుగా ఎత్తిన మా బావమరిది తడి పరుపు మీద కాలు జారి కూలబడ్డాడు. నేను గడ్డాన్ని ఛాతీకి ఆనించి, వాడి తొడల మధ్య తల దాచుకున్నాను. తల నేలకు రెండు వేళ్ళ ఎత్తులో ఆగింది.

“బావా, బతికున్నావా?” అని వాడు ఏడుపు మొహం పెట్టాడు.

“ఉన్నాన్రా. మళ్ళీ ఎత్తు, ఇంకోసారి చేద్దాం,” అన్నాను.

దానికి కట్టుబాటు పెట్టింది కూడా నేనే. ఎత్తినవాడు ఆగాలి. కిందున్నవాడు గడ్డం ముడిచాక, ఎత్తినవాడి తొడ వెనక రెండుసార్లు నొక్కాలి. నొక్కకపోతే కూర్చోకూడదు. ఎవరు గెలవాలో మేం ముందే అనుకుంటాం గానీ, మెడ ఎముకకు ఆ సంగతి తెలియదు కదా.

తర్వాత నా మోకాలు పోయింది. గోదా తాళ్ళు బిగించే పనిలో కుదిరాను. మొన్న టీవీలో యాంకరమ్మ, “ఈ పట్టు మీకెలా తట్టింది?” అని అడిగితే పిడుగు ఎప్పట్లాగే సిగ్గుపడుతూ, “కలలో వచ్చిందండీ,” అన్నాడు.

“ఎంత చక్కగా మాట్లాడాడో మా తమ్ముడు!” అంది మా ఆవిడ.

“ఆ కలలో వేలాడింది ఎవరో కూడా చెప్పమను.”

“మీకు కడుపుమంట.”

అవును, కడుపుమంటే. తాళ్ళు బిగిస్తున్నా అదే, అన్నం తింటున్నా అదే.

పోయిన ఆదివారం వాడి చేతిలో దెబ్బలు తినాల్సినవాడికి జ్వరమొచ్చింది. పిడుగే నా దగ్గరికి వచ్చాడు. “ఒక్కసారి ఎక్కు బావా. చివరి పట్టు ఒక్కటే. నీ మెడ మీదున్న నమ్మకం నాకు ఇంకెవరి మీదా లేదు.”

సరేనన్నాను. నా లెక్క నాకుంది.

హాలు నిండిపోయింది. వాడు నన్ను ఎత్తగానే ఈలలే ఈలలు. వాడు ఆగాడు. నేను నొక్కలేదు.

“బావా, నొక్కు.”

“కల ఎవరికొచ్చిందిరా?”

“ఇప్పుడా బావా!”

“మైకులో నా పేరు చెప్తానను. నొక్కుతా.”

జారుతున్న నన్ను వాడు మళ్ళీ పైకి ఎగదోసుకున్నాడు. వెనక వరసలోంచి ఎవడో, “బిందె దించవయ్యా, నీళ్ళెండిపోతున్నాయ్!” అని అరిచాడు. హాలంతా ఘొల్లుమంది.

‘చెప్తా’ అని ఒక్క మాట అంటే చాలు. వాడు అనలేదు. కూర్చోనూ లేదు. మెల్లగా వంగి, చంటిపిల్లను పడుకోబెట్టినట్టు నన్ను పరుపు మీద వెల్లకిలా దించాడు. కాగితం గ్లాసులు వచ్చి వాడి వీపుకు తగిలాయి. పిడుగు తుస్సుమన్నాడని ఒకటే గోల.

బట్టలు మార్చుకునే గదిలో మాకిద్దరికీ ఒకటే బల్ల.

“చెప్తానని అనేస్తే పోయేదిగా? తర్వాత ఎగ్గొట్టినా నేను చేసేదేముంది?” అన్నాను.

వాడు మోకాలికి ఐసు అద్దుకుంటున్నాడు. “ఇన్నేళ్ళు కల అని చెప్పుకుని ఇప్పుడు కాదనలేను బావా. అలాగని తలకిందులుగా ఉన్నవాడికి అబద్ధం చెప్పలేను. నువ్వు నమ్మి నొక్కేస్తావు.”



మర్నాడు ఫోన్లో ఆ వీడియో కింద జనం రాసినవి మా ఆవిడ పైకి చదివింది. “పెద్దాయన మెడ కోసం పరువు వదులుకున్నాడట. మనసున్న పిడుగట. విన్నారా?”

విన్నాను. ఎత్తడం, గడ్డం ముడవడం, నొక్కడం అన్నీ నేను నేర్పినవే. దించడం మాత్రం వాడికే తట్టింది. అదీ నాకు తట్టి ఉంటే బాగుండేదని పొద్దుట్నుంచీ ఒకటే మంట.