పెట్టె చుట్టూ నిలబడ్డవాళ్ళు

ఆదివారం మా అమ్మాయి ఇష్టపడ్డ అచ్యుత్ అమ్మానాన్నలు లండన్‌లోనే ఉన్న హారో నుంచి పెళ్ళిమాటలకు వస్తున్నారు. ఆలోపు ముందుగది గోడ మీద మా అమ్మ ఫొటో తీసెయ్యమని మా అమ్మాయి అక్సా వారం నుంచి పోరుతోంది. అందులో అమ్మ శవపెట్టెలో ఉంటుంది, చుట్టూ మావాళ్ళు. భూస్థాపనకు ముందు అలా ఫొటో దిగడం మా క్రైస్తవుల ఇళ్ళల్లో మామూలే.

నేను ఫొటో దుమ్ము తుడిచి అక్కడే ఉంచాను. నన్ను మంచి చేసుకోవడానికి కాబోలు, శనివారం మా హేస్‌లో రైలెక్కించి ఒక గ్యాలరీకి తీసుకెళ్ళింది. ఎనభై దాటిన నల్లజాతి అమెరికన్ చిత్రకారిణి ఒకామె తన ఊరివాళ్ళ పాత ఫొటోలు ఏళ్ళ తరబడి పోగుచేసి, గుడ్డల మీద అచ్చువేసి వేలాడదీసింది. మెట్లెక్కేసరికే నా మోకాళ్ళు మొరాయించాయి. అయినా అంచుల కుట్టు చూశాను. ఎక్కడా పోగు లేవలేదు.

చివరి గదిలో అన్నీ చావు ఫొటోలే. మూత తెరిచిన పెట్టె, చుట్టూ తెల్ల చేతితొడుగుల ఆడవాళ్ళు, టై కట్టిన పిల్లలు.

"మమ్, లుక్. సో బ్యూటిఫుల్," అంది అక్సా గొంతు తగ్గించి.

"పెట్టెలో ఎవరే?"

"ఆర్టిస్ట్ వాళ్ళ గ్రాన్."

"మన గోడ మీదున్నది నీ గ్రానే కదే."

"దట్స్ డిఫరెంట్. ఇది ఎగ్జిబిషన్."

"ఓహో. అయితే మనమూ టికెట్ పెడదాం. అచ్యుత్ వాళ్ళ నాన్నకి పెన్షనర్ రేటు."

నవ్వాపుకోలేక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "స్టాప్ ఇట్, మమ్. వాళ్ళ ఇంట్లో ఇలాంటివి పెట్టుకోరు. భయపడతారు. వన్ డే, అంతే."

బెంచీ మీద కూలబడ్డాను.

"మన ఫొటోలో తల దగ్గర ఖాళీ ఉంటుంది. చూశావా ఎప్పుడైనా?"

"నో."

"పెద్దకూతురు నిలబడే చోటది. అప్పుడు నువ్వు నా కడుపులో ఉన్నావు. విమానం ఎక్కొద్దన్నాడు డాక్టరు. మీ పిన్నులెవరూ ఆ చోట్లోకి జరగలేదు. ముఖం ఫొటోలో నాకు కనబడాలని తలవైపు పెట్టె ఎత్తి పట్టుకున్నారు. అమ్మ కడసారి చూపు నాకు అదే. నీకు కావాలంటే నువ్వు తియ్యి. నా చేతులతో నేను తియ్యలేను."

అక్సా నా పక్కన కూర్చుంది. ఫోన్ తీసి గుసగుసగా మాట్లాడింది. "అచ్యుత్, మా ఫ్రంట్ రూమ్‌లో మా గ్రాన్ ఫొటో ఉంది. ఇన్ హర్ కాఫిన్. నో, ఇట్స్ స్టేయింగ్. మీ వాళ్ళకి ముందే చెప్పు."

అవతలి మాట విని ఫోన్ పెట్టేసింది.

"ఏమంటాడే?"

"వాళ్ళ మమ్‌ని అడిగి చెప్తాడట."

"అడగనీ," అన్నాను. లేవడానికి ఇంకాసేపు పట్టింది.