మగవాళ్ళ మధ్య మాట

ఎన్నిసార్లు జాడించినా మొగుడి చొక్కాకి డీజిల్ వాసన వదల్లేదు. మొగుడు లెక్కలు చూసే గోదాము మొన్న రాత్రి తగలబడిందనీ, కాపలావాణ్ణి లోపలేశారనీ పక్కింటావిడ చెప్పింది. మొగుడు మాత్రం ఆ ఊసే ఎత్తలేదు. ఎత్తకపోవడమే ఆమెకి మింగుడుపడటం లేదు.

ఇంతలో ఇన్‌స్పెక్టరు, వెనకాలే ఓ మహిళా కానిస్టేబులు వచ్చి ఇల్లు సోదా చెయ్యాలన్నారు.

"వారెంటేదీ? అది చూపించకుండా బీరువా మీద చెయ్యేస్తే ఊరుకోను! నన్ను తీసుకెళ్ళాలంటే కారణం చెప్పాలి, లాయర్ని పిలవనివ్వాలి. నోరు విప్పకపోవడం నా హక్కు!" అని లేచాడు మొగుడు.

ఓరి నాయనో, ఈయనకి ఇన్ని హక్కులు తెలుసా! రోజూ ఆమె కుట్టుపని నుంచి రాగానే హ్యాండ్‌బ్యాగు మంచం మీద బోర్లిస్తాడే, ఫోను లాక్కుని ఎవడితో మాట్లాడావంటూ వెతుకుతాడే, అప్పుడు ఏ కాగితం చూపించాడు? అదేంటని అడిగితే, "తప్పు చెయ్యనిదానివి, భయమెందుకు?" అంటాడు. ఇల్లు అమ్మే బేరంలో ఆమె ఒక్క ముక్క అనబోతే, అందరి ముందూ, "మగాళ్ళు మాట్లాడుకుంటుంటే మధ్యలో నీకేం పని? నోర్ముయ్" అన్నాడు. ఆ మాట ఇప్పటికీ గొంతులో ముల్లే. అత్తగారేమో, "వాడి నోరంతేలే, సర్దుకుపో" అని నవ్వేసింది.

ఇన్‌స్పెక్టరు వారెంటు తీసి చూపించాడు. మొగుడి గొంతు దిగిపోయింది.

"మొన్న రాత్రి గడప దాటలేదు సార్. కావాలంటే మా ఆవిణ్ణి అడగండి. చెప్పు బంగారం!"

బంగారమట! పెళ్ళయ్యాక ఇదే వినడం. ఆమెకి ఒళ్ళు మండింది.

"ఇష్టమైతేనే చెప్పండమ్మా, బలవంతం లేదు," అంది కానిస్టేబులు. ఈవిడెందుకింత మెత్తగా మాట్లాడుతోంది? ఇదీ ఓ ఎత్తేనా?

ఆ రాత్రి తెల్లారబోతుండగా తలుపు తీసింది తనే. లోపలికొస్తూనే చొక్కా విప్పి, "ముందిది ఉతికెయ్" అన్నాడు. ఇప్పుడు 'ఇంట్లోనే ఉన్నారు' అని ఒక్క మాటంటే ఈయన బయటపడతాడు. ఏ పాపం ఎరగని కాపలావాడు లోపలే మగ్గిపోతాడు.

"అడుగుతున్నారుగా, మాట్లాడవేం?" అన్నాడు మొగుడు.

ఆమె పెరటి గుమ్మం దగ్గరున్న బకెట్లోంచి చొక్కా తీసింది. మొగుడి వైపు గానీ, ఇన్‌స్పెక్టరు వైపు గానీ చూడలేదు.

"మగాళ్ళు మాట్లాడుకుంటుంటే మధ్యలో మాట్లాడకూడదమ్మా," అంది కానిస్టేబులుతో. "మీరిలా పెరట్లోకి రండి. మనం మాట్లాడుకుందాం."